మా వీరా ముక్కులో గడ్డ: ముక్క తీసి పరీక్షించకుండానే క్యాన్సర్ అన్నారు, ఏం చేయాలి?

ప్రశ్న
రాసినవారు: కొల్లేటి గట్టు

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరానికి దగ్గరలోని పల్లె. మా ఇంట్లో వీరా అనే ఆరేళ్ళ మగ కుక్క ఉన్నాడు. నాటు జాతి, 22 కిలోల బరువు. చేపల చెరువుల గట్ల మీద మావారితో పాటు రోజూ తిరుగుతాడు, ఎండ ఎక్కువైతే కాలవలో దిగి కూర్చుంటాడు.

సంక్రాంతి వెళ్ళిన వారంలో తుమ్ములు మొదలయ్యాయి. ఎడమ ముక్కు నుంచి మాత్రమే నీళ్ళలా కారేది, తరువాత చిక్కటి చీమిడి, ఆ పైన ఒకరోజు తెల్లవారుజామున వరండా గచ్చు మీద రక్తపు చుక్కలు కనిపించాయి. తుమ్మినప్పుడల్లా గోడ మీద, సరిగ్గా వాడి మూతి ఎత్తులో, చిన్న చిన్న ఎర్రటి తుంపరలు పడుతున్నాయి. మొదట చూపించిన చోట పిడుదుల వల్ల వచ్చే జ్వరమని చెప్పారు. ప్లేట్‌లెట్లు 1,10,000 ఉన్నాయి. డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాము. ప్లేట్‌లెట్లు 2,60,000కు పెరిగాయి గాని రక్తం మాత్రం పది రోజులు ఆగి మళ్ళీ మొదలైంది.

పోయిన వారం మరో ఆసుపత్రికి తీసుకువెళ్తే టార్చి వేసి చూసి, లోపల గులాబి రంగు గడ్డ ఉందని, కుక్కల ముక్కులో గడ్డ అంటే క్యాన్సరేనని, మూడు నెలలకు మించి బతకడని, ముక్క తీసి పరీక్ష చేస్తే అది ఇంకా పాకుతుందని చెప్పారు. బాధపడకుండా నిద్రపుచ్చడం మంచిదని కూడా అన్నారు. కాని వీరా మామూలుగా తింటున్నాడు, బరువు తగ్గలేదు. రాత్రి నోరు తెరిచి గురక పెడుతున్నాడు, అంతే. పరీక్ష లేకుండా ఇలా నిర్ణయించవచ్చా? క్యాన్సర్ కాని గడ్డలు కుక్కల ముక్కులో వస్తాయా? వస్తే ఏ పరీక్ష ముందు, ఏది తరువాత చేయించాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.


జవాబు
రాసినవారు: విశ్రాంత పశు శస్త్రవైద్యుడు, రాజమహేంద్రవరం

అమ్మా, ఆ డాక్టరు గారి మాటలో సగం నిజం ఉంది కనుక ముందు ఆ సగాన్నే వివరిస్తాను. కుక్కల ముక్కు లోపల పుట్టే కణితుల్లో దాదాపు అయిదింట నాలుగు క్యాన్సర్లే. వాటిలో ఎక్కువ భాగం లోపలి పొర నుంచి పుట్టే కార్సినోమాలు. మిగిలినవి ఎముక, మృదులాస్థి వంటి వాటి నుంచి పుట్టే సార్కోమాలు. వైద్యం చేయించని కార్సినోమా కుక్కల్లో సగం, జబ్బు నిర్ధారణ అయిన సుమారు 3 నెలల్లోపే చనిపోతాయి. మీకు చెప్పిన గడువు ఇక్కడి నుంచి వచ్చిందే. అయితే అది ముక్క తీసి పరీక్షించి, కార్సినోమా అని తేల్చిన కుక్కల లెక్క. టార్చి వెలుగులో గులాబి రంగు కండ కనిపించిన ప్రతి కుక్కకూ ఆ గడువు అంటగట్టడానికి వీల్లేదు.

పైగా మన ప్రాంతంలో ముక్కులో కండ పెరగడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. చెరువులు, కాలవల్లో తిరిగే మనుషులకూ పశువులకూ కుక్కలకూ వచ్చే రైనోస్పోరిడియోసిస్ వాటిలో మొదటిది. ఇందులో ముక్కు ముందు భాగంలో పండిన స్ట్రాబెర్రీలా ఎర్రటి కండ పెరుగుతుంది, దాని మీద సూదిమొనంత తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, ముట్టుకుంటే రక్తం వస్తుంది. రెండవది, ఊరకుక్కలతో తిరిగే కుక్కల్లో జననాంగాల దగ్గర కనిపించే టి.వి.టి. అనే అంటు కణితి. వాసన చూసేటప్పుడు, నాకేటప్పుడు దాని కణాలు ముక్కులో నాటుకుంటాయి. వారానికొక విన్‌క్రిస్టిన్ సూది చొప్పున కొన్ని వారాలు ఇస్తే అది చాలా కుక్కల్లో పూర్తిగా కరిగిపోతుంది. ఇవి కాక పై కోరపన్ను వేరు కుళ్ళడం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు, ముక్కులో చేరిన జలగ, ఇరుక్కున్న గడ్డిపోచ కూడా ఒకవైపు రక్తం రప్పిస్తాయి.

ఇక మీరు అడిగిన అసలు విషయం. అడినోమా, పాపిల్లోమా, ఫైబ్రోమా, కాండ్రోమా, ఆస్టియోమా, ఆంజియోఫైబ్రోమా అనే క్యాన్సర్ కాని కణితులు కుక్కల ముక్కులో వస్తాయి. అరుదే. నా సర్వీసంతటిలో చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే చూశాను. కాని ఆ కొద్ది కుక్కల్లో రెండింటిని మరొక చోట క్యాన్సరని చెప్పి పంపించారు కనుకనే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ముక్క తీస్తే పాకుతుందనే భయంతో పరీక్ష మానుకోవద్దు. ముక్కు బయాప్సీలో అసలైన ప్రమాదాలు రెండు. ఒకటి రక్తస్రావం, అందుకే ముందుగా ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం, రక్తపోటు చూసుకోవాలి. రెండవది, ముక్కుకూ మెదడుకూ మధ్య జల్లెడలా ఉండే పలచటి ఎముకకు పరికరం తగలడం. దీనికి మా గురువులు నేర్పిన పద్ధతినే నేనూ చివరిదాకా పాటించాను. ముక్కు రంధ్రం నుంచి కంటి లోపలి మూల దాకా పట్టకారును బయట ఆనించి కొలిచి, ఆ కొలత దగ్గర పట్టకారుకు తెల్ల ప్లాస్టరు చుట్టేవాణ్ణి. ప్లాస్టరు ముక్కు అంచుకు తగిలిందంటే చేయి అక్కడే ఆగిపోవాలి. గొంతులో గొట్టం వేసి, దాని చివరనున్న బుడగను నింపి, గొంతు వెనక గాజుగుడ్డ పెట్టిన తరువాతే ముక్క తీయాలి. అప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లోకి పోదు.

మీరు ఈ వరసలో వెళ్ళండి. ఇంట్లోనే, వీరా నిమ్మళంగా పడుకున్నప్పుడు చల్లటి స్టీలు పళ్ళెం ముక్కు ముందు పట్టి, రెండు ఆవిరి మచ్చలు పడుతున్నాయో, ఒకటే పడుతోందో చూడండి. ఆసుపత్రిలో నోరు తెరిపించి అంగిలి, పళ్ళు చూడమనండి. దవడ కింద గ్రంథి వాచి ఉంటే సూదితో అందులోని కణాలు తీయించి పరీక్ష చేయించండి. ఛాతీ ఎక్స్‌రే తీయించండి. మత్తు అవసరం లేకుండానే తుమ్మిన తడిని, కనిపించే కండ మీద అద్దిన గాజు పలకను సూక్ష్మదర్శినిలో చూడవచ్చు, రైనోస్పోరిడియం, టి.వి.టి. రెండూ అక్కడే బయటపడే అవకాశం ఉంది. అక్కడ తేలకపోతే సి.టి. స్కాన్, అదే మత్తులో ముక్కులోకి గొట్టపు కెమెరా, ఆపైన బయాప్సీ. స్కాన్ తప్పనిసరిగా బయాప్సీకి ముందే కావాలి. ముక్క తీసిన తరువాత రక్తం నిండిన ముక్కులో గడ్డ ఏదో, రక్తపు గడ్డ ఏదో స్కాన్‌లో విడదీయడం కష్టం.

అప్పటిదాకా మెడపట్టీ తీసి ఛాతీకి కట్టే బెల్టు వాడండి. ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటి మనుషుల నొప్పి మాత్రలు ఒక్కటి కూడా ఇవ్వవద్దు. రక్తం వచ్చినప్పుడు వాణ్ణి చీకటి గదిలో నెమ్మదిగా పడుకోబెట్టి, ముక్కు దూలం మీద గుడ్డలో చుట్టిన మంచు పెట్టండి.


జవాబు
రాసినవారు: పశు వ్యాధి నిర్ధారణ శాస్త్ర అధ్యాపకురాలు

డాక్టరు గారు చెప్పిన వరస సరైనది. బల్లకు ఇవతలి పక్క నుంచి, అంటే ముక్క మా చేతికి వచ్చిన తరువాత జరిగే విషయాన్ని కొంత చెబుతాను.

మాకు వచ్చే ముక్కు నమూనాల్లో పెద్ద లోపం వాటి పరిమాణమే. కణితి ఏదైనా దాని పైభాగం గాలికి ఎండి, గోకుడికి చిట్లి, సూక్ష్మజీవులు చేరి పుండుపడి ఉంటుంది. ఆ పైపొరనే బియ్యపు గింజంత గిల్లి పంపితే మేము చూడగలిగింది వాపు, చీము కణాలు, కొత్తగా పుట్టిన రక్తనాళాలు మాత్రమే. అప్పుడు మేము ‘దీర్ఘకాలిక శోథ, క్యాన్సర్ కణాలు కనబడలేదు’ అని రాస్తాము. ఆ వాక్యానికి క్యాన్సర్ లేదని గాని, కణితి లేదని గాని అర్థం కాదు. ఆ గింజంత ముక్కలో కనబడలేదని మాత్రమే అర్థం. కాబట్టి గడ్డ లోతు నుంచి, వేరువేరు చోట్ల నుంచి, కనీసం నాలుగయిదు ముక్కలు తీయించండి. తీసిన వెంటనే వాటి పరిమాణానికి పది రెట్లు ఉండే 10 శాతం ఫార్మలిన్‌లో వేయించండి. సీసాతో పాటు స్కాన్ రిపోర్టు, కుక్క వయసు, ఎన్నాళ్ళ నుంచి ఏ వైపు రక్తం వస్తోందో రాసిన కాగితం కూడా పంపించండి. ఎముకతో కూడిన ముక్కలైతే సున్నం కరిగించడానికి కొన్ని రోజులు అదనంగా పడతాయి, రిపోర్టు ఆలస్యమైతే కంగారు పడవద్దు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో ఈ పరీక్షలు చేసే విభాగాలు ఉన్నాయి.

మీరు చెరువు సంగతి రాశారు కనుక రైనోస్పోరిడియం గురించి ఒక మాట. దీన్ని 1900లో బ్యూనస్ ఎయిరిస్‌లో గిల్లెర్మో సీబెర్ తొలిసారి వర్ణించారు. చాలాకాలం శిలీంధ్రమనుకున్నారు గాని, జన్యు పరీక్షల తరువాత ఇది నీటిలో చేపలకు పట్టే కొన్ని పరాన్నజీవుల కుటుంబానికి చెందినదని తేలింది. ప్రపంచంలో భారత్, శ్రీలంకల్లోనే ఎక్కువ. దీన్ని ప్రయోగశాలలో పెంచడం సాధ్యం కాదు కనుక సూక్ష్మదర్శినిలో చూసి గుర్తించడమే ప్రధాన మార్గం, అదృష్టవశాత్తు గుర్తించడం తేలిక. గోళీల్లాంటి గుండ్రటి సంచులు, వాటి నిండా వందలకొద్దీ చిన్న బీజాలు కనిపిస్తాయి. ఒకసారి చూసిన విద్యార్థి మళ్ళీ మరిచిపోడు. ఇది కణితి కాదు, కణితి వేషంలో ఉన్న జబ్బు. మొదలంటా కోసి, కుదురును కాల్చడమే దీనికి ప్రధాన వైద్యం. మళ్ళీ పెరగకుండా కొందరు డాప్సోన్ అనే మందు వాడతారు. ఒక కుక్క నుంచి మరో కుక్కకు గాని, మీకు గాని నేరుగా అంటదు.

‘బినైన్’ అన్న మాటను మనం నిరపాయకరం అని అనువదించుకుంటాము. ముక్కు విషయంలో ఆ అనువాదం నాకు తృప్తినివ్వదు. చర్మం మీద కొవ్వు కంతి ఏళ్ళ తరబడి ఎవరికీ అడ్డు లేకుండా ఉండిపోతుంది. ముక్కు నలువైపులా ఎముక గోడలున్న ఇరుకు గది. అక్కడ క్యాన్సర్ కాని కణితి కూడా పెరిగే కొద్దీ ఒత్తిడితోనే ఎముకను అరగదీస్తుంది, గాలి దారిని మూసేస్తుంది. కనుక స్కాన్‌లో ఎముక కరిగిందని కనిపించినంత మాత్రాన క్యాన్సరని రాసుకోకండి. క్యాన్సర్ కాదని తేలినంత మాత్రాన వదిలేయకండి.


జవాబు
రాసినవారు: పిల్లి పెంచే గుంటూరు అమ్మాయి, న్యూజెర్సీ

మాది కుక్క కాదు, పిల్లి. అయినా ఎముక కరగడం గురించి మేడం గారు రాసింది మాకు ప్రత్యక్షంగా అనుభవమైంది కనుక చెబుతున్నాను.

మా పిల్లికి ఏడు నెలల వయసులో ఒక ముక్కు నుంచి చీమిడి, అప్పుడప్పుడు రక్తం వచ్చేవి. తిండి దగ్గరికి వచ్చి వాసన తెలియక వెనక్కి వెళ్ళిపోయేది. ముక్కు దూలం ఒక పక్క కొద్దిగా ఉబ్బింది. మొదట పిల్లి కూనల్లో మామూలుగా వచ్చే నేసోఫారింజియల్ పాలిప్ అనే కండ పెరుగుదల అనుకున్నారు. అది ముక్కులో కాక నడిమి చెవిలోనో, చెవికీ గొంతుకూ మధ్య ఉండే గొట్టంలోనో పుట్టి గొంతు వెనకకు వేలాడుతుందట. మత్తిచ్చి అంగిలిని ముందుకు లాగితే కనిపిస్తుందట. మా పిల్లికి అక్కడ ఏమీ లేదు. సి.టి. తీస్తే ముక్కు లోపల నీటి తిత్తులతో నిండిన గడ్డ, దాని చుట్టూ పలచబడి చిల్లులు పడిన ఎముక కనిపించాయి. ఆ చిత్రాన్ని చూసి మేము ఆశ వదులుకున్నాము. పిల్లుల ముక్కులో లింఫోమా అనే క్యాన్సర్ ఎక్కువని అప్పటికే చదివి ఉన్నాను.

బయాప్సీలో అది మెసెంకైమల్ హామర్టోమా అని తేలింది. అక్కడ సహజంగా ఉండే కణజాలమే అదుపు తప్పి, అస్తవ్యస్తంగా పెరగడం వల్ల ఏర్పడే గడ్డ అని డాక్టరు వివరించారు. ఏడాది లోపు పిల్లుల్లోనే ఎక్కువగా చూస్తారని, పూర్వం దీన్నే ముక్కు పాలిప్ అనేవారని చెప్పారు. గొట్టపు కెమెరాతో చూస్తూ ముక్కు రంధ్రం గుండానే తీసేశారు. ఇప్పటికి మూడేళ్ళు దాటింది, తిరిగి రాలేదు. ఆపరేషను తరువాత మొదటి వారం తిండి ముట్టకపోతే ఉడికించిన చేపను వెచ్చగా చేసి పెట్టాము, ఆవిరి వాసనకు తినడం మొదలుపెట్టింది. వీరాకు కూడా అవసరం రావచ్చు, గుర్తుంచుకోండి.


మళ్ళీ అడిగినవారు
రాసినవారు: కొల్లేటి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. స్టీలు పళ్ళెం పరీక్ష చేశాము. కుడివైపు మాత్రమే ఆవిరి పడింది, ఎడమవైపు పళ్ళెం పొడిగానే ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. గాజు పలక మీద అద్ది చూస్తే రైనోస్పోరిడియం సంచులు గాని, టి.వి.టి. కణాలు గాని కనబడలేదు. కొద్దిపాటి మత్తు ఇచ్చి, ముక్కు అంచు దగ్గర కనిపించే కండను కొంచెం గిల్లి పంపారు. రిపోర్టులో ‘పుండుపడిన గ్రాన్యులేషన్ కణజాలం, దీర్ఘకాలిక శోథ, క్యాన్సర్ కణాలు కనబడలేదు’ అని ఉంది. మా అత్తగారు ఆ సాయంత్రమే గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చారు. మందులతో తగ్గుతుందేమో చూద్దామని, స్కాన్ కోసం అంత దూరం తీసుకుపోవడం ఎందుకని ఇంట్లో అంటున్నారు. ఇంతటితో ఆపవచ్చా?


జవాబు
రాసినవారు: విశ్రాంత పశు శస్త్రవైద్యుడు, రాజమహేంద్రవరం

ఆపవద్దమ్మా. మీ అత్తగారి సంతోషాన్ని తగ్గించాలని కాదు, కాని మేడం గారు ముందే హెచ్చరించిన వాక్యమే అక్షరం పొల్లుపోకుండా మీ రిపోర్టులో వచ్చింది. మూడున్నర నెలలుగా ఒకే వైపు రక్తం, ఆ వైపు గాలి పూర్తిగా మూసుకుపోవడం, కంటికి కనిపించే గడ్డ: ఈ మూడింటినీ వట్టి వాపు అన్న మాట వివరించలేదు. రిపోర్టుకూ, కుక్క పరిస్థితికీ పొంతన కుదరనప్పుడు కుక్కనే నమ్మాలి. ముందు క్యాన్సరని పరీక్ష లేకుండా చెప్పడం ఎంత తప్పో, ఇప్పుడు గింజంత ముక్కను చూసి ఏమీ లేదనుకోవడం కూడా అంతే తప్పు.

యాంటీబయాటిక్ ఇస్తే చీమిడి తగ్గుతుంది, ఎందుకంటే గడ్డ వెనక చేరిన సూక్ష్మజీవులు చస్తాయి. స్టెరాయిడ్ ఇస్తే చుట్టూ ఉన్న వాపు తీసి ఊపిరి సులువవుతుంది. ఈ రెండింటితో వచ్చే ఉపశమనాన్ని చూసి మోసపోయి నెలలు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. పైగా స్టెరాయిడ్ మొదలుపెట్టిన తరువాత బయాప్సీ చేస్తే, అది లింఫోమా అయిన పక్షంలో కణాలు మాసిపోయి పోల్చుకోవడం కష్టమవుతుంది. నొప్పికి మెలోక్సికామ్ ఇస్తున్నట్లయితే దానితో కలిపి స్టెరాయిడ్ అసలు ఇవ్వకూడదు, కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది.

స్కాన్ తీయించండి. అందులో నాలుగు సంగతులు స్పష్టంగా అడగండి: గడ్డ ఎక్కడ పుట్టింది, నడిమి గోడ దాటి కుడివైపుకు వచ్చిందా, జల్లెడ ఎముక చెక్కుచెదరకుండా ఉందా, కంటి గూడు వైపు పోయిందా. ఆ తరువాత అదే మత్తులో లోతు నుంచి ముక్కలు తీయమనండి. కెమెరా లేకపోయినా, గట్టి గొట్టం గుండా ఉప్పునీటిని బలంగా పంపితే గడ్డ తునకలు ఊడి వస్తాయి. అవి పరీక్షకూ పనికొస్తాయి, కొంతకాలం ఊపిరి కూడా ఆడుతుంది.


మళ్ళీ అడిగినవారు
రాసినవారు: కొల్లేటి గట్టు

మీరు చెప్పినట్టే చేశాము. కారులో చెన్నై తీసుకువెళ్ళాము. స్కాన్‌లో ఎడమ ముక్కు ముందు రెండు వంతులూ గడ్డతో నిండి ఉంది. ముక్కు లోపల చుట్టల్లా ఉండే పలచటి ఎముకలు చాలావరకు పోయాయి, ముక్కు దూలం ఎముక ఒకచోట కాగితంలా పలచబడింది, నడిమి గోడ కుడికి వంగింది గాని చిల్లు పడలేదు, జల్లెడ ఎముక బాగానే ఉంది. రంగు మందు ఎక్కించినప్పుడు గడ్డంతా తెల్లగా వెలిగిందని, అంటే రక్తనాళాలు ఎక్కువని చెప్పారు. ఆరు ముక్కలు తీశారు. బాగా రక్తం వచ్చింది గాని చల్లటి ఉప్పునీటితోనూ, అడ్రినలిన్‌లో తడిపిన గాజుగుడ్డతోనూ ఇరవై నిమిషాల్లో ఆగింది. నిన్న రిపోర్టు వచ్చింది: ఆంజియోఫైబ్రోమా. మొదటి రిపోర్టులో ఉన్న గ్రాన్యులేషన్ కణజాలానికీ దీనికీ తేడా ఏమిటి? ఇది నిజంగా క్యాన్సర్ కాదా? ఆపరేషను చేయాలంటున్నారు.


జవాబు
రాసినవారు: పశు వ్యాధి నిర్ధారణ శాస్త్ర అధ్యాపకురాలు

ఆంజియోఫైబ్రోమా క్యాన్సర్ కాదు. కాని ఉన్నచోట దూకుడుగా పెరిగేది. పేరులోనే రెండు భాగాలున్నాయి: రక్తనాళాలు, వాటిని పట్టి ఉంచే నారలాంటి కణజాలం. పుండు మానేటప్పుడు పుట్టే గ్రాన్యులేషన్ కణజాలంలోనూ ఇవే రెండూ ఉంటాయి. అందుకే పైపైన గిల్లిన ముక్కలో రెండింటినీ విడదీసి చెప్పడం దాదాపు అసాధ్యం, మొదటి రిపోర్టు రాసినవారిని తప్పుపట్టలేము. పుండు కణజాలంలో నాళాలు పైపొర వైపు నిటారుగా, ఒక క్రమంలో లేస్తాయి, లోతుకు వెళ్ళే కొద్దీ పండిపోయి మచ్చగా మారతాయి. ఆంజియోఫైబ్రోమాలో పలచటి గోడల నాళాలు క్రమం లేకుండా, లోతులోనూ అదే తీరుగా ఉంటాయి. ఈ తేడా లోతైన ముక్క ఉంటేనే తెలుస్తుంది, స్కాన్ రిపోర్టు పక్కన ఉంటే మరింత నమ్మకంగా చెప్పగలుగుతాము.

రక్తనాళాల క్యాన్సరయిన హీమాంజియోసార్కోమాను ఇక్కడ తప్పనిసరిగా తోసిపుచ్చాలి. నాళాల లోపలి కణాలు వికృతంగా లేవని, విభజన చెందుతున్న కణాలు ఎక్కువగా లేవని రిపోర్టులో రాశారో లేదో చూసుకోండి. ఆపరేషనులో తీసిన గడ్డ మొత్తాన్ని కూడా మళ్ళీ పరీక్షకు పంపించండి. ఆరు ముక్కల్లో లేనిది ఏడవ చోట ఉండవచ్చు.


మళ్ళీ అడిగినవారు
రాసినవారు: కొల్లేటి గట్టు

రిపోర్టులో మీరు చెప్పిన రెండు వాక్యాలూ ఉన్నాయి మేడం గారూ. ఆపరేషను అయి నాలుగు రోజులైంది. ముక్కు దూలం పైనుంచి తెరిచి తీశారు. ముందుగానే రక్తం కలిసే మరో కుక్కను సిద్ధంగా ఉంచమన్నారు. మా మరిది వాళ్ళ కుక్క రక్తం కలిసింది, ఒక సీసా ఎక్కించారు. గడ్డంతా మళ్ళీ పరీక్షకు వెళ్ళింది. ఇప్పుడు నా భయం వేరు. నిన్నటి నుంచి వీరా నుదురు, కళ్ళ మధ్య భాగం మెత్తగా ఉబ్బింది. వేలితో నొక్కితే చర్మం కింద మరమరాలు నలిగినట్టు చిటపటమంటోంది. తుమ్మినప్పుడు ఇంకా పెరుగుతోంది. జ్వరం లేదు. వెచ్చటి చేపల పులుసు అన్నం తింటున్నాడు. గడ్డ మళ్ళీ పెరుగుతోందా?


జవాబు
రాసినవారు: విశ్రాంత పశు శస్త్రవైద్యుడు, రాజమహేంద్రవరం

గడ్డ కాదమ్మా, గాలి. ముక్కు దూలం తెరిచిన చోట ఎముక పూర్తిగా మూసుకోలేదు కనుక తుమ్మినప్పుడల్లా ముక్కులోని గాలి ఆ సందు గుండా చర్మం కిందికి చేరుతోంది. ఆ చిటపట చప్పుడే దానికి గుర్తు. కణితి ఎప్పుడూ అలా చప్పుడు చేయదు. ఈ ఆపరేషను తరువాత ఇది తరచుగా చూసేదే, సాధారణంగా వారం పది రోజుల్లో దానంతటదే ఇంకిపోతుంది. సూదితో గుచ్చి గాలి తీయడానికి ఎవరినీ ప్రయత్నించనివ్వకండి, సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. ఉబ్బు మెడ దాకా పాకినా, ఊపిరికి కష్టపడుతున్నా, తాజా రక్తం ధారగా వచ్చినా, మూర్ఛ గాని మగతగా తూలడం గాని కనిపించినా మాత్రం రాత్రయినా సరే ఆపరేషను చేసినవారి దగ్గరికి బయలుదేరండి.

పులుసు అన్నంలో ఉల్లిపాయ, వెల్లుల్లి పడకుండా చూడండి. ఆ రెండూ కుక్కల రక్తకణాలను విరిచేస్తాయి, ఇప్పటికే రక్తం పోయిన కుక్కకు అసలు పనికిరావు. చేప ముళ్ళు కూడా పూర్తిగా తీసేయండి. కుట్లు విప్పేదాకా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా తీయవద్దు, పంజాతో ఒక్కసారి గోకినా గాయం విచ్చుకుంటుంది. రక్తం కలిసిన నీరు రెండు మూడు వారాలు కారవచ్చు. లోపలి చుట్టల ఎముకలు పోయాయి కనుక పలచటి చీమిడి మాత్రం జీవితాంతం కొంత ఉండవచ్చు. అది గడ్డ తిరిగి వచ్చినట్టు కాదు. కాలవ స్నానం కనీసం గాయం పూర్తిగా మానేదాకా వద్దు.

నెలకొకసారి స్టీలు పళ్ళెం పరీక్ష చేసి, తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకోండి. నాలుగయిదు నెలలకు ఒకసారి స్కాన్ మళ్ళీ తీయించండి. ఈ కణితి మిగిలిపోయిన కుదురు నుంచి తిరిగి మొలవగలదు, చిన్నగా ఉన్నప్పుడు చిక్కితే తీయడం సులువు. పెద్ద గడ్డ రిపోర్టు రాగానే ఇక్కడ రాయండి, మేడం గారూ నేనూ చూస్తాము.